షాక్ చికిత్స మొదలుపెడుతున్నప్పుడు డిప్రెషన్ మాత్రలు ఇంకా ఎందుకు?

కృష్ణలంక_అబ్బాయి
మా అమ్మకు 58 ఏళ్లు. సంక్రాంతి తర్వాత తిండి తగ్గించింది, ఇప్పుడు దాదాపు మానేసింది. మజ్జిగ గ్లాసు చేతికిస్తే అలాగే పట్టుకుని కూర్చుంటుంది, పెదవుల దాకా పోదు. మాకు ఒక్క రూపాయి అప్పు లేదు. అయినా ఇల్లు వేలానికి వచ్చిందని, అదంతా తన పాపమేనని నమ్ముతోంది. బ్యాంకు పాసుపుస్తకం చూపిస్తే అది దొంగ పుస్తకమంటుంది. డిప్రెషన్‌కు మొదట ఎస్సిటాలోప్రామ్ వాడాం, తర్వాత వెన్లాఫాక్సిన్, దానితో పాటు ఈ లేనిపోని నమ్మకాలు తగ్గడానికి ఓలాంజపిన్. నిద్ర కాస్త పట్టింది తప్ప మనిషిలో మార్పు లేదు. ఇప్పుడు డాక్టరు గారు ఈసీటీ, అంటే తలకు కరెంటు పెట్టి చేసే షాక్ చికిత్స, అంటున్నారు. దానికి ఇంట్లో అందరం సిద్ధమే.

అంతుపట్టనిది వేరే ఉంది. ఈసీటీ జరుగుతుండగానే వెన్లాఫాక్సిన్ తగ్గించి నార్ట్రిప్టిలిన్ అనే కొత్త మాత్ర మొదలుపెడతామన్నారు. రాత్రి వేసుకునే క్లోనజెపామ్ మాత్రం మెల్లగా ఆపాలన్నారు. మా మేనమామ పట్టుబట్టి కూర్చున్నారు: "మాత్రలు పనిచేయలేదనే కదా షాకు పెడుతున్నారు, మళ్లీ మాత్రలేమిటి? డబ్బు గుంజడానికే." ఆయన మాటలో తప్పెక్కడుందో నాకూ తెలియడం లేదు. ఓపీలో జనం కిక్కిరిసి ఉండడంతో నిదానంగా అడిగే వీలు దొరకలేదు. అనుభవం ఉన్నవారు చెప్పండి.

మిరపతోట
మీ మేనమామ అడిగింది న్యాయమైన ప్రశ్నే. మా అన్నయ్య ఈసీటీతో పూర్తిగా తేరుకున్నాడు. పొలానికి వెళ్లాడు, కోతకు కూలీలను తనే మాట్లాడుకున్నాడు. "బాగైపోయాను, ఇక ఈ మాత్రలు దేనికి" అని పక్కన పెట్టేశాడు. ఉగాది వచ్చేసరికి మళ్లీ మంచం పట్టాడు. రెండోసారి చేయించాక మాత్రలు మా వదిన చేతిలోనే ఉంటున్నాయి, ఇప్పటివరకు తిరగబెట్టలేదు.

నల్లమల_గాలి
ఒక్కరి విషయం చూసి చెప్పలేం. మాత్రలు మానకపోయినా తిరగబెట్టేదేమో, ఎవరికి తెలుసు?

మనోరోగ_పీజీ
సైకియాట్రీలో పీజీ చేస్తున్నాను. అమ్మగారిని చూడలేదు కాబట్టి మోతాదుల జోలికి పోను, అసలు సంగతి చెబుతాను.

మనిషిని ఇప్పుడున్న గడ్డు దశ నుంచి బయటికి లాగడం ఈసీటీ పని. తిండి మానేసినవారికి, లేని అప్పులు ఉన్నాయని నమ్మేవారికి, ప్రాణం తీసుకునే ఆలోచనలు గట్టిగా ఉన్నవారికి మా చేతిలో ఉన్న చికిత్సల్లో బాగా వేగంగా పనిచేసేవాటిలో ఇదొకటి. కానీ వచ్చిన మేలు దానంతట అది నిలవదు. నల్లమల_గాలి గారు అడిగిన ప్రశ్నకు కూడా ఇక్కడే జవాబుంది. అమెరికాలో సాకీమ్ బృందం 2001లో ఒక పరిశోధన ప్రచురించింది. ఈసీటీతో కోలుకున్నవారిని మూడు గుంపులు చేసి 24 వారాలు గమనించారు. ఉత్తుత్తి మాత్ర ఇచ్చిన గుంపులో 84 శాతం మందికి జబ్బు తిరగబెట్టింది. నార్ట్రిప్టిలిన్ ఇచ్చిన గుంపులో 60 శాతం. నార్ట్రిప్టిలిన్‌కు లిథియం (మనఃస్థితిని నిలకడగా ఉంచే మందు) జోడించిన గుంపులో 39 శాతం.

ఇక, ఈసీటీ అయిపోయాక మాత్ర మొదలుపెట్టవచ్చు కదా అంటారు. ఈ మందులు ఒంటికి పట్టి పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. తిరగబెట్టే ప్రమాదం ఎక్కువగా ఉండేది కూడా సరిగ్గా ఆ తొలి వారాల్లోనే. చివరి ఈసీటీ నాడు మాత్ర మొదలుపెడితే ఆ మధ్యకాలమంతా రోగికి ఏ అండా ఉండదు. అదే బృందం 2009లో ఇంకో పరిశోధన ప్రచురించింది, అందులో మొదటి ఈసీటీతో పాటే మాత్ర మొదలుపెట్టారు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారికన్నా నార్ట్రిప్టిలిన్ వేసుకున్నవారిలో ఎక్కువ మంది కోలుకున్నారు, జ్ఞాపకశక్తి ఇబ్బందులు కూడా తక్కువగా కనిపించాయి. వెన్లాఫాక్సిన్‌తో లాభం అంత స్పష్టంగా లేదు.

మీ మేనమామ గారికి ఒక్క మాట చెప్పండి. పనిచేయని మాత్రనే మీ డాక్టరు సాగదీయడం లేదు, వేరే తరగతి మందుకు మారుస్తున్నారు. అది పేటెంటు ఎప్పుడో తీరిపోయిన పాత మందు.

మందులకొట్టు_మాస్టారు
నార్ట్రిప్టిలిన్ అమ్మి ఎవరూ మేడలు కట్టలేదు, ఆ మాట నేను చెప్పగలను.

క్లోనజెపామ్ సంగతి: అది మూర్ఛను అణిచే మందు. ఈసీటీలో మేలు చేసేదే అదుపులో పుట్టించే ఆ చిన్న మూర్ఛ. ఒక చేత్తో మూర్ఛ రప్పిస్తూ ఇంకో చేత్తో అణిస్తే మూర్ఛ సరిగా రాదు, లేదా ఎక్కువ కరెంటు పెట్టాల్సి వస్తుంది. వాల్‌ప్రోయేట్, కార్బమజెపిన్‌లదీ అదే ఇబ్బంది. అలాగని క్లోనజెపామ్ ఒక్క రాత్రిలో ఆపకూడదు, ఏళ్ల తరబడి వేసుకుంటున్నవారైతే అసలే కూడదు. వెన్లాఫాక్సిన్ కూడా ఉన్నట్టుండి మానితే కళ్లు తిరగడం, తలలో జివ్వుమనడం మొదలవుతుంది. అది చూసి ఇంట్లోవాళ్లు "షాకు పెట్టాక ఇలా అయింది" అనుకుంటారు.

ఇంకొకటి. ఆస్తమా ఉన్నవారు డెరిఫిలిన్ లాంటి మాత్రలు వాడుతుంటే తప్పక చెప్పాలి. వాటిలో ఉండే థియోఫిలిన్ వల్ల మూర్ఛ ఎంతకీ ఆగని ప్రమాదం ఉంది. చాలామంది "దగ్గు మాత్రే కదా" అని చెప్పరు.

నల్లమల_గాలి
పీజీ గారి అంకెలే తీసుకుందాం. మాత్ర వేసుకున్నా 60 శాతం మందికి తిరగబెట్టిందంటే అదేమి మందు? సగానికి పైగా ఓడిపోతున్నారు. మేనమామ గారిని అంత తేలిగ్గా తీసిపారేయకండి.

మనోరోగ_పీజీ
తీసిపారేయడం లేదు. ఒక్క మాత్రతో సరిపెట్టుకోవడం చాలామందికి చాలదన్నది నిజం. ఆ రోగుల్లో చాలామంది అంతకుముందే మాత్రలకు లొంగనివారని కూడా గుర్తుంచుకోవాలి. అందుకే రెండు దారులు వచ్చాయి. ఒకటి లిథియం జోడించడం. రెండోది ఈసీటీని ఒక్కసారిగా ఆపకుండా, వారానికి, రెండు వారాలకు, నెలకు అంటూ ఎడం పెంచుతూ పోవడం. 2006లో ప్రచురితమైన పరిశోధనలో ఈ రెండింటినీ పోల్చారు, ఫలితాలు దాదాపు సమానం. రెండు గుంపుల్లోనూ ఆరు నెలల పాటు నిలకడగా ఉన్నవారు సుమారు సగం. గొప్ప అంకె కాదు, ఒప్పుకుంటాను. కానీ ఉత్తుత్తి మాత్ర గుంపులో 84 శాతం మందికి తిరగబెట్టిందన్నది పక్కన పెట్టి చూడండి. తలుపు దగ్గర మందుల చీటీ ఇచ్చి పంపేసి, తర్వాత ఏం చేయాలో చెప్పని ఆసుపత్రుల మీద నాకూ కోపమే.

తుంగభద్ర_తీరం
అందరూ తిరగబెట్టడం గురించే మాట్లాడుతున్నారు. పోయిన జ్ఞాపకాల మాట ఎవరూ ఎత్తలేదు. మా అక్కకు పట్టణంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేశారు. ప్రాణం దక్కింది, కాదనను. కానీ దానికి ముందు నెలలో జరిగిన తన కూతురి ఓణీల వేడుక ఆమెకు గుర్తు లేదు. ఆల్బమ్ ముందు పెట్టుకుని "ఈ పట్టుచీర ఎక్కడ కొన్నాం? దండ ఎవరు తెచ్చారు?" అని పిల్లనే అడిగింది. పిల్ల లోపలికి వెళ్లి ఏడ్చింది. ఇలా జరగవచ్చని మాకు ముందు ఒక్కరూ చెప్పలేదు. సంతకం పెట్టిన కాగితం ఇంగ్లీషులో ఉంది.

వరంగల్_టీచరు
తుంగభద్ర_తీరం గారు, చదివి మనసు చివుక్కుమంది. ఇప్పుడు అక్కగారు ఎలా ఉన్నారు?

తుంగభద్ర_తీరం
వంట చేస్తుంది, బడికి టిఫిన్ కడుతుంది, కొత్త విషయాలు బాగానే గుర్తుంటున్నాయి. ఆ వేడుక మాత్రం తిరిగి రాలేదు.

మనోరోగ_పీజీ
మీకు చెప్పకపోవడం తప్పే, ఇందులో వాదన లేదు. చికిత్స జరుగుతున్న వారాల్లో కొత్త విషయాలు నిలవకపోవడం సాధారణంగా కొద్ది వారాల్లో సర్దుకుంటుంది. చికిత్సకు ముందరి వారాలు, నెలల జ్ఞాపకాలు కొన్ని శాశ్వతంగా పోవచ్చు. ఇది అందరికీ ముందే చెప్పాల్సిన సంగతి.

కృష్ణలంక_అబ్బాయి గారు, ఈ విషయంలో అడగాల్సినవి ఉన్నాయి. కరెంటు తలకు రెండు వైపులా పెడతారా, కుడివైపు మాత్రమేనా? కుడివైపు పద్ధతిలో జ్ఞాపకశక్తికి దెబ్బ తక్కువ, కానీ మనిషి పరిస్థితి మరీ విషమంగా ఉంటే రెండు వైపుల పద్ధతే ఎంచుకుంటారు. వారానికి మూడుసార్లా, రెండుసార్లా? రెండుసార్లయితే మరుపు తక్కువ, కోలుకోవడం కాస్త నిదానం. మొదలుపెట్టే ముందు జ్ఞాపకశక్తి పరీక్ష చేసి రాసిపెట్టుకుంటారా? లిథియం ఇవ్వాలనుకుంటే ఈసీటీ జరిగే రోజుల్లో ఎలా సర్దుతారు? ఒంట్లో లిథియం ఎక్కువగా ఉండగా ఈసీటీ చేస్తే కొందరికి తీవ్రమైన అయోమయం వస్తుంది, అందుకే ముందు రాత్రి మోతాదు ఆపడమో, ఈసీటీలు ముగిశాక మొదలుపెట్టడమో చేస్తారు.

హనుమాన్_జంక్షన్
మత్తు ఇవ్వకుండా చేస్తారని విన్నాను. మా ఊళ్లో ఒకాయన కళ్లారా చూశానంటాడు.

మత్తుమందు_వైద్యుడు
పాతకాలంలో చూసి ఉంటారు. 1938లో రోములో చెర్లెట్టి, బీనీ మొదలుపెట్టినప్పుడు మత్తు లేదు, తర్వాత చాలా ఏళ్లు మన దేశంలోనూ చాలాచోట్ల అలాగే జరిగింది. ఇప్పుడు అది నేరం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 95వ సెక్షన్: మత్తు, కండరాలను సడలించే మందు లేకుండా ఈసీటీ చేయరాదు. పిల్లలకైతే సంరక్షకుల అంగీకారంతో పాటు మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డు ముందస్తు అనుమతి కూడా ఉండాలి. మత్తు వైద్యుడు లేకుండా చేస్తామని ఎవరైనా అంటే అక్కడి నుంచి వచ్చేయండి.

నేను ఈసీటీ గదిలో పనిచేస్తాను కాబట్టి జరిగేది చెబుతాను. పళ్ల సెట్టు తీయిస్తాం, కదులుతున్న పన్ను ఉందేమో చూస్తాం. చేతికి సూది పెట్టి మత్తిస్తాం. కండరాలు సడలే మందు ఇచ్చే ముందు ఒక కాలికి బీపీ పట్టీ బిగిస్తాం, ఆ మందు పాదంలోకి దిగకుండా. అందువల్ల మూర్ఛ వచ్చినప్పుడు ఒళ్లంతా నిశ్చలంగా ఉంటుంది, ఆ పాదం ఒక్కటే లయగా కదులుతుంది. దాన్ని, మెదడు తరంగాల గీతను చూసి మూర్ఛ ఎన్ని సెకన్లు నిలిచిందో రాసుకుంటాం. అరనిమిషం, నిమిషం. ఈ సమయమంతా బ్యాగుతో ఆక్సిజన్ అందిస్తూ ఉంటాం. కొద్ది నిమిషాల్లో మనిషి తనంతట తను ఊపిరి తీసుకుంటాడు.

ఇక్కడ మన తెలుగువారికి ప్రత్యేకంగా చెప్పాల్సింది ఒకటి ఉంది. కండరాల సడలింపుకు మేము ఎక్కువగా వాడేది స్కోలిన్, అంటే సక్సినైల్ కోలిన్. దాన్ని రక్తంలో విరగ్గొట్టే ఎంజైము పేరు సూడోకోలినెస్టరేజ్. ఆర్యవైశ్య కుటుంబాల్లో పుట్టుకతోనే ఈ ఎంజైము లోపించినవారు మిగతావారికన్నా చాలా ఎక్కువ. అలాంటివారికి స్కోలిన్ ఇస్తే కొద్ది నిమిషాల్లో దిగాల్సిన మందు గంటల తరబడి దిగదు, అంతసేపూ వెంటిలేటర్ మీద ఉంచాలి. ముందు తెలిస్తే భయమే లేదు, వేరే మందు వాడతాం. తెలియకుండా జరిగితేనే అందరికీ ప్రాణాల మీదికి వస్తుంది. కులం అడుగుతున్నారని దయచేసి నొచ్చుకోకండి. ఆ ఒక్క రక్తపరీక్ష కోసమే అడుగుతాం.

పెనుగొండ_వాసి
మేము వైశ్యులమే. మా చిన్నాన్న అపెండిక్స్ ఆపరేషన్ తర్వాత రాత్రంతా లేవలేదని, మెషీను మీద ఉంచారని మా నాయనమ్మ చెప్పేది. "మత్తు ఎక్కువైంది" అన్నారట. ఇది అదేనా? మా చెల్లికి ఈసీటీ అనుకుంటున్నారు.

మత్తుమందు_వైద్యుడు
అదే అయి ఉండే అవకాశం ఉంది. చెల్లెలికి ఇంకా మొదలుపెట్టకపోతే చిన్నాన్న సంగతి ఇప్పుడే మత్తు డాక్టరుకు చెప్పండి, సూడోకోలినెస్టరేజ్ పరీక్ష అడగండి. ఫలితం వచ్చేదాకా ఆగమనండి.

కోరుట్ల_చిన్నోడు
మా నాన్న విషయంలో ఒక మంచి మాట. రికవరీ గదిలో కళ్లు తెరిచి ఆయన మొదట అడిగింది "ఇడ్లీలోకి అల్లం చట్నీ వచ్చిందా?" అని. నర్సమ్మ పడీ పడీ నవ్వింది. మేమైతే ఏడ్చేశాం. అంతకుముందు ఆయనకు రెండు ముద్దలు తినిపించడానికి ఇంటిల్లిపాదీ బతిమాలేవాళ్లం. షుగరు ఉన్నవారికి ఒక సూచన: పొద్దున ఖాళీ కడుపుతో ఉండాలి కాబట్టి ఇన్సులిన్ ఎంత వేయాలో, వేయాలో వద్దో ముందు రోజే అడిగి ఉంచుకోండి. వరుసలో మొదటి పేరు మీదే ఉండేలా చూడమనండి.

మత్తుమందు_వైద్యుడు
అవును. బీపీ మాత్ర మాత్రం సాధారణంగా పొద్దున్నే ఒక్క గుక్క నీళ్లతో వేయమంటాం, మానేయకండి. మూర్ఛ సమయంలో బీపీ బాగా పెరుగుతుంది.

ఎడిసన్_కోడలు
మా అత్తగారికి ఇక్కడ న్యూజెర్సీలో చేయించాం. పీజీ గారు చెప్పిన ఎడం పెంచే పద్ధతే, మాత్రలతో పాటు. ఇప్పటికీ నెలకోసారి తీసుకెళ్తాం. 60 దాటినవారి మీద 2016లో ఇక్కడ వెలువడిన ఒక పరిశోధనను డాక్టరు మాకు చూపించారు. కుడివైపు ఈసీటీ, వెన్లాఫాక్సిన్ కలిపి ఇస్తే దాదాపు 62 శాతం మంది పూర్తిగా కోలుకున్నారు. అందువల్ల వెన్లాఫాక్సిన్ పనికిరాదని ఎవరూ అనుకోకండి, ఎవరికి ఏది అన్నది వేరే లెక్క. మా బంధువులు మాత్రం ఫోన్లో "ఇంకా షాకులేనా, ఎప్పటికీ మానరా?" అంటారు. బీపీ మాత్ర ఎప్పటికీ మానరా అని ఆవిడను ఒక్కరూ అడగలేదు.

వరంగల్_టీచరు
ఇన్సూరెన్సు వస్తుందా ఎవరికైనా?

మిరపతోట
మాకు మొదట కాదన్నారు. 2017 చట్టం 21వ సెక్షన్ ప్రకారం ఒంటి జబ్బులతో సమానంగా మానసిక జబ్బులకూ బీమా ఇవ్వాలి. ఆ మాట రాసి మళ్లీ పంపితే ఇచ్చారు. పాలసీ కాగితం ఒకసారి చదువుకుని వెళ్లండి.

కృష్ణలంక_అబ్బాయి
అందరికీ దండాలు. ఈ పేజీలోని ప్రశ్నలన్నీ కాగితం మీద రాసుకుని వెళ్లాను. డాక్టరు గారు కాగితం తీసుకుని ఒక్కొక్కటీ చదివి జవాబు చెప్పారు. నార్ట్రిప్టిలిన్ గుండె మీద పనిచేయగలదు కాబట్టి ముందు ఈసీజీ తీయించారు. ఈసీటీలు ముగియగానే లిథియం జోడిస్తారట, దాని కోసం కిడ్నీ, థైరాయిడ్ పరీక్షలు ఇప్పుడే చేయించారు. క్లోనజెపామ్ సగానికి వచ్చింది. ఈసీటీలు మొదలయ్యాయి. అప్పుల మాట ఇంకా పోలేదు. కానీ నిన్న పాసుపుస్తకం చేతిలోకి తీసుకుని, కళ్లజోడు పెట్టుకుని, పేజీలు తిప్పింది. మేనమామ పక్కనే ఉన్నారు, ఏమీ అనలేదు. తుంగభద్ర_తీరం గారి మాట విని, ఈ మధ్య ఇంట్లో జరిగినవన్నీ ఒక నోటుపుస్తకంలో రాస్తున్నాం, ఫొటోల వెనక తేదీలు వేస్తున్నాం.

తుంగభద్ర_తీరం
ఆ పని మాకు ఎవరైనా ముందే చెప్పి ఉంటే ఎంత బాగుండేది. ఎవరెవరు వచ్చారో కూడా రాయండి, తర్వాత అదే అడుగుతారు.

నల్లమల_గాలి
డాక్టరు కూర్చుని జవాబులు చెప్పారు కాబట్టి నాకు కొంత ఊరట. అందరికీ అలాంటివారు దొరకరు. మాత్రల మీద నా అనుమానం పూర్తిగా పోలేదు గానీ ఉత్తుత్తి మాత్ర గుంపు అంకె చూశాక ఆపేయమని మాత్రం ఎవరికీ చెప్పను.

మందులకొట్టు_మాస్టారు
కృష్ణలంక_అబ్బాయి గారు, లిథియం మొదలయ్యాక జాగ్రత్తలు. ఈసీటీ తర్వాత తలనొప్పి, ఒళ్లునొప్పులు మామూలే. వాటికి డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ కొనకండి, రక్తంలో లిథియం పెరిగిపోతుంది. పారాసెటమాల్ చాలు. బీపీకి నీరు తీసే మాత్రలుంటే డాక్టరుకు చెప్పండి. బెజవాడ ఎండల్లో నీళ్లు బాగా తాగించండి, ఉప్పు ఒక్కసారిగా మానిపించకండి. వాంతులు, విరేచనాలు, చేతుల వణుకు ఎక్కువవడం, నడక తూలడం కనిపిస్తే తర్వాతి మాత్ర వేయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. రక్తపరీక్షకు ముందు రాత్రి మాత్ర వేసి 12 గంటలు గడిచాక ఇవ్వాలి. పొద్దున మాత్ర వేసి వెళ్తే అంకె తప్పుగా వస్తుంది.

హనుమాన్_జంక్షన్
మా పక్కింటావిడకు ఇలాంటి ఇబ్బందే, ఆసుపత్రికి రానంటోంది. ఎక్కడ అడగాలి?

మనోరోగ_పీజీ
టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక సహాయ ఫోను, 14416. ఏ వేళయినా, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టాల్సిన పని లేదు. ఆవిడ తిండి, నీళ్లు మానేసినా, చనిపోతానంటున్నా ఫోనుతో ఆగకండి, దగ్గర్లోని పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. విశాఖలోనూ హైదరాబాద్ ఎర్రగడ్డలోనూ ప్రభుత్వ మానసిక వైద్యశాలలున్నాయి.

పెనుగొండ_వాసి
చెల్లి పరీక్ష వచ్చింది. ఎంజైము బాగా తక్కువ. మత్తు డాక్టరు రిపోర్టు చూసి వేరే మందు రాశారు, ఫైలు మొదటి పేజీ మీద ఎర్ర సిరాతో "స్కోలిన్ ఇవ్వకూడదు" అని రాయించారు. ఎల్లుండి మొదటి ఈసీటీ.

మత్తుమందు_వైద్యుడు
మంచిది. మీరూ, మిగతా తోబుట్టువులూ, చిన్నాన్న పిల్లలూ కూడా ఆ పరీక్ష చేయించుకోండి. ఎవరికి తక్కువొస్తే వారు ఒక చీటీ మీద రాసి ఆధార్ కార్డుతో పాటు పర్సులో పెట్టుకోవాలి. రేపు ప్రమాదం జరిగి స్పృహ లేకుండా ఆసుపత్రికి చేరితే అడిగి తెలుసుకునే వీలుండదు.

పెనుగొండ_వాసి
చిన్నాన్నకు ఇప్పుడే ఫోను చేస్తున్నాను.